రాలేదన్నాడా, రానన్నాడా: ఫ్రెంచి 'న్యే' క్రియపై ఒక కేస్ స్టడీ

ఫ్రెంచిలో ఒక మాటను కాదనడానికి వాడే క్రియ 'న్యే'. రాతలో ఎన్, ఐ, ఈ, ఆర్ అనే నాలుగే అక్షరాలు. మొదటి వర్గపు క్రియ కాబట్టి 'పార్లే' (మాట్లాడటం) రూపాలు వచ్చినవాళ్లకు ఇదీ వచ్చినట్టే. అయినా బీ1 స్థాయి (ఐరోపా భాషా కొలమానంలో మధ్యస్థ మెట్టు) తెలుగు విద్యార్థి చేతిలో ఇది తరచూ తలకిందులవుతుంది. ఉత్తినే అనడం లేదు, రాసినవాడు ఒకటి అనుకుంటే చదివినవాడికి సరిగ్గా దానికి వ్యతిరేకమైన అర్థం అందుతుంది. ఆ తప్పు ఫ్రెంచి వ్యాకరణం రాక జరిగేది కాదు. తెలుగులో కాదనే పద్ధతి వేరు, అది తెలియకుండానే ఫ్రెంచి వాక్యంలోకి దూరిపోతుంది.

ఫ్రెంచి మాటలన్నీ ఇక్కడ వినబడే తీరులో రాశాం. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న పెట్టాం. 'జ' అని రాసినచోట నాలుకను పంటికి తగిలించకుండా మెత్తగా పలకాలి. 'ర' గొంతు నుంచి వస్తుంది. తెలుగు లిపిలో ఇంతకంటే దగ్గరగా రాయడం కష్టం.

కేసు

పరిశీలనకు తీసుకున్నది ఆరు వాక్యాల చిన్న పేరా. తెలుగువాళ్లు ఈ క్రియతో చేసే మామూలు తప్పులన్నీ ఒక్కచోట కనిపించేలా కట్టినది. సందర్భం: ఫ్రాన్స్‌లోని లియోఁ నగరంలో నలుగురు విద్యార్థులు కలిసి ఉండే అద్దె ఇల్లు, పగిలిన ఎలక్ట్రిక్ కెటిల్. తెలుగు మూలం ఇది:

"కెటిల్ తాను పగలగొట్టలేదని రూమ్మేట్ అన్నాడు. నాకు కూడా కాదనే చెప్పాడు. తన గర్ల్‌ఫ్రెండ్ వంటింట్లోకి రాలేదన్నాడు. కొత్తది కొనడానికి ఒప్పుకోలేదు. కెటిల్ పాతదే, కాదనను, కానీ పనిచేసేది. చివరికి ఒప్పుకున్నాడు."

విద్యార్థి ఫ్రెంచి ఇలా ఉంటుంది:

1. ల కొలోక్ ఆ న్యే కిల్ నా పా కసే లా బుయ్‌వార్.
2. ఇల్ మా న్యే ఓసీ.
3. ఇల్ ఆ న్యే క సా కొపిన్ నె పా వన్యూ దాఁ లా క్వీజీన్.
4. ఇల్ ఆ న్యే దష్తే యున్ నువెల్.
5. ఎల్ ఎతె వ్యెయ్, జ న నీ పా, మే ఎల్ మార్షె.
6. ఆ లా ఫాఁ, ఇల్ ఆ అక్సెప్తే.

ఆరింటిలో పూర్తిగా నిలబడేది ఒక్కటీ లేదు. అయిదోదానికి ఒక్క చిన్న మాట తక్కువ. మిగతావాటికి లోపల పని ఉంది.

మొదటి వాక్యం: కాదనడం ఎక్కడ కూర్చుంటుంది

తెలుగులో 'అన్నాడు' తటస్థమైన మాట. కాదనడమంతా 'అని' ముందున్న ముక్కలో ఉంటుంది: పగలగొట్ట-లేదు-అని. ఫ్రెంచి 'న్యే' అలా కాదు. కాదనడం క్రియ కడుపులోనే ఉంది, తర్వాత వచ్చే ముక్కలో మళ్లీ 'న... పా' (మన 'లేదు', 'కాదు') అక్కర్లేదు. విద్యార్థి రెండూ పెట్టాడు. అందుకని ఆ వాక్యానికి వచ్చే అర్థం: 'పగలగొట్టలేదన్న మాట నిజం కాదు అన్నాడు.' అంటే నేరం ఒప్పుకున్నట్టు! ఫ్రెంచివాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుని అర్థం చేసుకుంటారు కానీ రాతపరీక్షలో అది అర్థాన్ని చెడగొట్టిన తప్పే.

సరిచేసే పద్ధతి: తెలుగు వాక్యంలోని 'లేదు'ను మనసులో కొట్టేసి, మిగిలిన నిజమైన ఆరోపణను బయటికి తీయండి. 'పగలగొట్టాడు' అన్నది ఆరోపణ. 'న్యే' తర్వాత రావలసింది ఆ ఆరోపణే.

ఇక రెండో మెట్టు. తెలుగులో 'తాను' ఉందా? ఉంటే ఫ్రెంచిలో 'క' (మన 'అని') పెట్టి ఇంకో వాక్యం అల్లే పని లేదు, నేరుగా క్రియ మూలరూపం వేయవచ్చు. జరిగిపోయిన పని కాబట్టి 'అవ్వార్' అనే సహాయక్రియ చేర్చాలి:

ల కొలోక్ ఆ న్యే అవ్వార్ కసే లా బుయ్‌వార్.

'తాను' అన్న మాట తెలుగువాడికి ఇక్కడ కలిసొచ్చే ఆస్తి. 'ఇల్ నీ కిల్...' అని మొదలుపెడితే రెండో 'ఇల్' ఎవరో ఫ్రెంచివాడికి స్పష్టం కాదు, అదే మనిషా, పక్కవాడా? మూలరూపంతో ఆ సందేహమే రాదు. మనం 'తాను', 'వాడు' తేడాతో చేసే పని ఫ్రెంచి ఇలా చేస్తుంది.

ఇంగ్లీషు దారిలో వచ్చేవాళ్లు ఇంకో గుంటలో పడతారు. ఇంగ్లీషులో 'డినైడ్ బ్రేకింగ్' అంటే చాలు, గతం దానంతటదే తెలుస్తుంది. ఫ్రెంచిలో 'న్యే కసే' అని మూలరూపం ఒక్కటే వేస్తే అది ఇప్పటి సంగతో, అలవాటో అవుతుంది. 'ఇల్ నీ ఫ్యుమే' అంటే సిగరెట్ అలవాటు లేదంటున్నాడని. 'ఇల్ నీ అవ్వార్ ఫ్యుమే' అంటే ఆరోజు తాగలేదంటున్నాడని. వెళ్లడం, రావడం లాంటి కొన్ని కదలిక క్రియలైతే 'అవ్వార్' బదులు 'ఎత్ర్' వస్తుంది: ఎల్ నీ ఎత్ర్ ఆఁత్రే, 'తాను లోపలికి వెళ్లలేదంటోంది'. రాతలో అక్కడ స్త్రీలింగానికి చివర ఇంకో 'ఈ' చేరుతుంది, చెవికి వినబడదు. కెటిల్‌ను సర్వనామంగా మార్చినా అంతే. 'ఇల్ నీ లవ్వార్ కసే' అన్నప్పుడు బుయ్‌వార్ స్త్రీలింగం కాబట్టి 'కసే' చివర ఇంకో 'ఈ' రాయాలి. రాతపరీక్షలో మార్కులు పోయేది ఇలాంటి వినబడని అక్షరాల దగ్గరే.

'న్యే ద...' అని మధ్యలో 'ద' పెట్టే రాత పాత సాహిత్యంలో తగులుతుంది. ఇప్పుడు వాడొద్దు.

రెండో వాక్యం: వినేవాడికి చోటు లేదు

'నాకు చెప్పాడు', 'నాతో అన్నాడు' అని తెలుగులో వినేవాణ్ని ఎక్కడైనా చేర్చవచ్చు. 'న్యే' పక్కన ఆ కుర్చీ లేదు. 'ఇల్ మా న్యే' అంటే 'నేనన్నవాణ్ని ఉన్నానన్న సంగతే కాదన్నాడు' అని అర్థం వస్తుంది, తత్వశాస్త్రం తరగతిలో తప్ప పనికిరాదు. వినేవాడు ముఖ్యమైతే క్రియ మార్చి 'దీర్' (చెప్పడం) వాడాలి: మెమ్ ఆ మ్వా, ఇల్ ఆ దీ క స నెతె పా ల్వీ. ఇందులో 'న... పా' లోపలే ఉంది చూడండి, అచ్చంగా తెలుగు పద్ధతి. 'న్యే'నే ఉంచాలని పట్టుదలైతే 'దవాఁ మ్వా' (నా ముందు) చేర్చి 'ఇల్ లా న్యే దవాఁ మ్వా' అనవచ్చు.

మూడో వాక్యం: వేరే మనిషి, వేరే క్రియారూపం

ఇక్కడ కాదన్నది ఒకరు, వచ్చారో రాలేదో తేలాల్సింది ఇంకొకరు. 'తాను' లేదు కాబట్టి 'క' తప్పదు. 'క' వెనకే సబ్జంక్టివ్ (నిజమని ఖాయం చేయని సంగతికి వాడే క్రియారూపం) వస్తుంది:

ఇల్ ఆ న్యే క సా కొపిన్ స్వా ఆఁత్రే దాఁ లా క్వీజీన్.

చెప్పేవాడికే అది నిజమని తెలిసి, కాదన్నవాడి మొండితనాన్ని ఎత్తి చూపాలంటే మామూలు రూపం కూడా వస్తుంది. భూమి గుండ్రంగా ఉందన్న సంగతిని ఎవరైనా కాదంటే 'ఇల్ నీ క లా తెర్ ఎ రోఁద్' అనవచ్చు, ఎందుకంటే భూమి గుండ్రంగా ఉండటం అతని ఇష్టాయిష్టాలతో పనిలేని సంగతి. బీ1లో ఉన్నవాళ్లు ఈ రెండోదాన్ని తెలుసుకుని ఉంచుకుంటే చాలు, రాతలో సబ్జంక్టివే వేయడం క్షేమం.

వ్యాకరణం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు ఎవరైనా ఆరోపించారా? ఆరోపణో, ప్రచారమో, కనీసం అనుమానమో ముందు ఉంటేనే 'న్యే'కు చోటు. 'తనకు ఫ్రెంచి రాదన్నాడు' అన్న అమాయకమైన వాక్యాన్ని 'ఇల్ నీ పార్లే ఫ్రాఁసే' అని రాస్తే, వచ్చీ రాదని బుకాయిస్తున్న అనుమానితుడిలా వినిపిస్తుంది. అక్కడ 'ఇల్ దీ కిల్ న పార్ల్ పా ఫ్రాఁసే' చాలు. తెలుగులో 'అన్నాడు' ఇద్దరికీ సరిపోతుంది, 'బుకాయించాడు' ఒకడికే సరిపోతుంది. 'న్యే' ఈ రెంటికీ మధ్యలో, కాస్త బుకాయింపు వైపు ఒరిగి ఉంటుంది. 'అడ్డంగా బుకాయించాడు' అనడానికైతే 'ఇల్ ఆ న్యే ఆఁ బ్లోక్' అన్న పలుకుబడి ఉంది, మొత్తం ఒక్క గుత్తగా కాదనడం. కళ్లెదుట ఉన్నదాన్ని కాదంటే 'న్యే లేవిదాఁస్'.

నాలుగో వాక్యం: లేదు, ను

'ఒప్పుకోలేదు', 'నిరాకరించాడు' అన్న రెండు మాటలూ తెలుగులో రెండు పనులు చేస్తాయి: నేరం ఒప్పుకోకపోవడం, అడిగింది చేయకపోవడం. ఫ్రెంచి వీటిని ససేమిరా కలవనివ్వదు. మొదటిది 'న్యే', రెండోది 'రఫ్యూజే'. కెటిల్ కొనకపోవడం రెండోది:

ఇల్ ఆ రఫ్యూజే దాఁ నష్తే యున్ ఓత్ర్.

'రఫ్యూజే' వెనక 'ద' తప్పనిసరి, 'న్యే' వెనక 'ద' నిషిద్ధం. విద్యార్థి రెంటినీ కలిపి 'న్యే ద' చేశాడు.

దీన్ని విడదీయడానికి తెలుగులోనే పరీక్ష ఉంది. అతను అన్న మాటను యథాతథంగా నోటితో అని చూడండి. చివర 'లేదు' లేదా 'కాదు' వస్తే న్యే. 'ను' వస్తే, అంటే కొనను, రాను, ఇవ్వను అయితే, రఫ్యూజే. 'పగలగొట్టలేదు' న్యే, 'కొనను' రఫ్యూజే. పది వాక్యాల్లో తొమ్మిది ఇక్కడే తేలిపోతాయి. తేలనివి మూడు రకాలు. 'నేను దొంగను కాను' అన్నది 'ను'తో ముగిసినా తానెవరో చెప్పే మాట, కాబట్టి 'న్యే ఎత్ర్'. 'సిగరెట్ తాగను' అన్నది అలవాటు గురించైతే న్యే, ఎవరో ఇవ్వబోతే వద్దనడమైతే రఫ్యూజే. 'కొనలేను' అన్నది రెండూ కాదు, కుదరదని చెప్పడం, దానికి 'దీర్' వాడాలి.

ఇంగ్లీషు 'డినై' ఇక్కడ ఇంకా ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అది రెండు పనులూ చేస్తుంది. వీసా 'డినై' అయిందని చెప్పాలనుకున్నవాళ్లు 'వీజా ఆ ఎతే న్యే' అని రాసేస్తారు. ఫ్రెంచిలో వీసాను ఎవరూ 'న్యే' చేయరు. 'మా దమాఁద్ ద వీజా ఆ ఎతే రఫ్యూజే' అనాలి. కంప్యూటర్ తెర మీద వచ్చేది 'అక్సే రఫ్యూజే'. విమానం ఎక్కనివ్వకపోవడం 'రఫ్యూ దాఁబార్కమాఁ'. ప్రయాణికుల పరిహారం గురించిన యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ఫ్రెంచి పాఠంలో ఉన్న మాట ఇదే, విమానాశ్రయం కౌంటర్లో దీన్ని వాడితేనే పని జరుగుతుంది. హక్కు లేదనడానికి మాత్రం 'దేన్యే' అన్న పెద్దమనిషి క్రియ ఒకటుంది. అది చట్టం, పత్రికల భాష, ఇంట్లో వినబడదు.

అయిదో వాక్యం: 'కాదనను'

నలుగురి మాటల్లో ఈ క్రియ నిజంగా బతికేది ఇక్కడే. రోజువారీ ఫ్రెంచిలో 'జ నీ' (నేను కాదంటున్నాను) అని ఎవరూ అనరు, అది పోలీసు వాంగ్మూలంలా ఉంటుంది. పగలగొట్టనివాడు 'సె పా మ్వా' (నేను కాదు) అంటాడు, కోపమొస్తే 'నాఁపోర్త్ క్వా' (ఏం మాటలవి) అంటాడు. 'నేను' పక్కన 'న్యే' వచ్చేది ఎక్కువగా 'పా'తో కలిసి, ఎదుటివాడి మాటను సగం ఒప్పుకోవడానికి. తెలుగు 'కాదనను' సరిగ్గా అదే కదా. 'కాదనలేం' అంటే 'ఓఁ న పొ పా ల న్యే'. 'కాదనలేనిది' అంటే 'సె తాఁదేన్యాబ్ల్'. ఈ మూడు జంటలూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి. ఈ క్రియను నేర్పడం ఇక్కడ మొదలుపెడితే సగం తప్పులు పుట్టనే పుట్టవని మా అభిప్రాయం. పాఠ్యపుస్తకాల క్రమంలో ఇది చివర వస్తుంది.

విద్యార్థి వదిలేసినది 'ల'. తెలుగులో 'దాన్ని' అనకుండానే 'కాదనను' అనేస్తాం. ఫ్రెంచిలో కాదనని సంగతిని 'ల' రూపంలో గుర్తు చేయాలి: జ న ల నీ పా. 'ల' లేకుండా 'ఇల్ నీ' అనడం కుదిరేది నిందితుడి విషయంలో. 'అతను నేరం ఒప్పుకోవడం లేదు' అని ఆ రెండు మాటలే చెప్పేస్తాయి.

'క'తో పొడిగిస్తే రెండు దారులున్నాయి. 'జ న నీ పా క సె దిఫిసిల్' అంటే కష్టమే, ఒప్పుకుంటున్నా. 'జ న నీ పా క స స్వా దిఫిసిల్' అంటే కష్టం కావచ్చు, కాదని వాదించను. రెండూ ఒప్పే, రెండోది రాతలో ఇంకాస్త మర్యాదగా ఉంటుంది. సబ్జంక్టివ్ ముందు ఒంటరి 'న' కూడా వచ్చి 'క స న స్వా' అవుతుంది. ఆ 'న'కు కాదనే అర్థం లేదు, అలంకారం మాత్రమే. పుస్తకంలో కనబడితే బెదరొద్దు, సొంతంగా పెట్టొద్దు.

డెల్ఫ్ (ఫ్రెంచి ప్రావీణ్య పరీక్ష) బీ2 రాతపరీక్షలో కనీసం 250 పదాల్లో వాదన రాయాలి. అక్కడ ఎదుటి పక్షానికి ఒక్క వాక్యం ఇచ్చి 'మే' (కానీ) అంటూ తిప్పుకోవడానికి 'ఓఁ న పొ న్యే క...' చక్కగా పనికొస్తుంది. 'పువ్వార్' (చేయగలగడం) క్రియ పక్కన 'పా' వదిలేయడం రాతభాషకు అందం. ఆ తర్వాత మామూలు రూపమే వేయండి, నిజమని ఒప్పుకుంటున్న సంగతే కాబట్టి.

ఆరో వాక్యం, దాని చుట్టాలు

'ఒప్పుకున్నాడు' అన్నది 'ఒప్పుకోలేదు'కు అద్దంలో బొమ్మ. అడిగినదానికి సరేనంటే 'అక్సెప్తే', చేసిన తప్పు ఒప్పుకుంటే 'అవ్వే', కాస్త మెత్తగా 'రకొనెత్ర్'. 'అక్సెప్తే' అని రాస్తే రూమ్మేట్ కొత్త కెటిల్ కొంటానన్నట్టు అవుతుంది. 'చివరికి' అన్నదాన్ని కూడా క్రియలోనే కలిపితే వాక్యం ఫ్రెంచిలా వినిపిస్తుంది: ఇల్ ఆ ఫినీ పార్ అవ్వే.

కాదనడం నుంచి ఒప్పుకోవడం దాకా సాగిన ప్రయాణానికి ఫ్రాన్స్‌లో అందరికీ గుర్తున్న ఉదాహరణ అప్పటి బడ్జెట్ మంత్రి జెరోమ్ కయుజాక్. 2012 డిసెంబరులో తనకు విదేశాల్లో ఖాతా లేదని, ఎప్పుడూ లేదని పార్లమెంటులో చెప్పారు. 2013 మార్చిలో రాజీనామా చేసి, ఏప్రిల్ 2న ఖాతా ఉందని ఒప్పుకున్నారు. 'ఇల్ ఆ న్యే, పుయీ ఇల్ ఆ అవ్వే' అన్న నమూనా వాక్యానికి ఇంతకంటే నిండైన నిజం దొరకదు.

మంత్రుల దాకా వచ్చాం కాబట్టి తెలుగు పత్రికల 'ఖండించారు' గురించి చెప్పాలి. 'దాడిని ఖండించారు', 'ఆరోపణలను ఖండించారు' అని ఒకే క్రియ రాస్తాం. ఫ్రెంచిలో దాడికి 'కోఁదానే', ఆరోపణలకు 'దేమాఁతీర్'. ఆరోపణల విషయంలో 'కోఁదానే' రాస్తే ఆరోపించినవాళ్ల తీరును తప్పుపట్టినట్టు అవుతుంది, నిజమో కాదో చెప్పినట్టు కాదు. 'న్యే'కూ 'దేమాఁతీర్'కూ తేడా కొంచెమే: తన చేష్ట గురించి నిలదీస్తే న్యే, వార్తో పుకారో బయటికొచ్చాక బహిరంగంగా కొట్టిపారేస్తే దేమాఁతీర్. లెక్కనో జరిమానానో సవాలు చేస్తే 'కోఁతెస్తే'. పార్కింగ్ జరిమానా కాగితం వస్తే చేసేది ఇదే, 'న్యే' కాదు.

'రన్యే' వేరే జాతి. మనిషిని, విశ్వాసాన్ని, సొంత కుటుంబాన్ని తనది కాదనడం అది. కోడి కూయకముందు శిష్యుడు పేతురు యేసును మూడుసార్లు కాదన్నదానికి ఫ్రెంచి బైబిళ్లలో వాడే మాట ఇదే. తెలుగు బైబిల్లో అక్కడ 'ఎరుగను' అని ఉంటుంది, అందుకే ఈ తేడా తెలుగు క్రైస్తవ కుటుంబాల పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది. నిజాన్ని మనసే ఒప్పుకోని స్థితికి 'దేనీ' అన్న నామవాచకం ఉంది: ఇ లే దాఁ ల దేనీ. ఇది ఈమధ్య మామూలు మాటల్లో 'న్యే' కంటే ఎక్కువగా వినబడుతోంది. 'నెగాస్యోనిస్త్' అన్న మాట జోలికి మాత్రం పోవద్దు. అది యూదుల మారణహోమం జరగలేదనేవాళ్లకు వాడే మాట. ఆ మారణహోమాన్ని కాదనడం 1990 జులై 13 నాటి గేసో చట్టం కింద ఫ్రాన్స్‌లో నేరం. వాతావరణ మార్పును నమ్మనివాణ్ని 'క్లిమాతోసెప్తిక్' అంటారు.

రూపాలు, చెవి

జ నీ, త్యు నీ, ఇల్ నీ, నూ న్యోఁ, వూ న్యే, ఇల్ నీ. 'న్యాయం' పలికే నోటికి 'న్యే' కొత్త కాదు. రాతలో వర్తమాన ఏకవచనంలో వినబడని 'ఈ' ఉంటుంది, భవిష్యత్తులో కూడా: 'నీరే' అని విన్నా మధ్యలో 'ఈ' రాయాలి. అసలు పరీక్ష గతకాలపు అలవాటు రూపంలోనూ సబ్జంక్టివ్‌లోనూ వస్తుంది. 'మేము', 'మీరు' రూపాల్లో రెండు 'ఐ'లు పక్కపక్కనే రాయాలి, ఒకటి ధాతువుది, ఒకటి ప్రత్యయానిది. అచ్చుతప్పులా కనిపిస్తుంది కానీ అదే సరైనది. 'ఎత్యుద్యే' (చదువుకోవడం), 'ఉబ్లియే' (మరిచిపోవడం) కూడా ఇదే దారి.

నవలలు చదివేవాళ్లకు ఒక సరదా సంగతి. కథనంలోని పాత భూతకాల రూపం 'ఇల్ న్యా' (కాదన్నాడు), రోజూ వాడే 'ఇల్ న్యా' (లేదు) రెండూ చెవికి ఒకటే. రాతలో ఒకటి రెండు ముక్కలు, ఇంకొకటి అపాస్ట్రఫీతో నాలుగు ముక్కలు.

సరిచేసిన పేరాను నోటిమాటగా మారిస్తే

పైన దిద్దిన ఆరు వాక్యాలూ పరీక్షకు నిలుస్తాయి. అవే వాక్యాలు లియోఁ వంటింట్లో నిలబడి అంటే వార్తాపత్రిక చదివినట్టుంటుంది. అక్కడ అదే కథ ఇలా వినిపిస్తుంది:

"ఇల్ దీ క సె పా ల్వీ. సా కొపిన్, ఎల్ ఎ జమే వన్యూ, స్వాదీజాఁ. ఇల్ వొ పా ఆఁ రష్తే యున్. బోఁ, ఎల్ ఎతె వ్యెయ్, జ దీ పా, మే ఎల్ మార్షె. ఇల్ ఆ ఫినీ పార్ అవ్వే."

తెలుగులో: "వాడు కాదంట. వాడి గర్ల్‌ఫ్రెండ్ అసలు రానే లేదంట. ఇంకోటి కొనడంట. సరే, పాతదే, కాదనను, కానీ పనిచేసేది. చివరికి ఒప్పుకున్నాడు." 'స్వాదీజాఁ' మన వెటకారపు 'అంట'కు దగ్గర, 'జ దీ పా' మన 'కాదనను'. నోటిమాటల్లో 'న... పా'లోని 'న' మొత్తం ఎగిరిపోయింది, 'న్యే' కూడా ఎక్కడా మిగల్లేదు. ఈ ఇంట్లో అది నోటికి వచ్చేది ఒక్క చోటే, రూమ్మేట్‌ను ఎదురుగా నిలబెట్టినప్పుడు: "సా సెర్ ఆ ర్యాఁ ద న్యే, ఓఁ తా వ్యు." బుకాయించి లాభం లేదు, నిన్ను చూశాం.